గుమ్మడికొండ దారి తెరిచిన పులిహోర

"కొండ దిగే నీళ్ళమ్మా, కొంగు దులుపుకో,
కొంగునున్న ముత్యాలు కొన్ని పంచిపో…"

ఆ తర్వాత ఏదో ఉంది. పేరంటాలమ్మకు ఎంత తడుముకున్నా అందలేదు. చిన్నప్పుడు నాట్లు వేస్తూ ఆడవాళ్ళంతా వరసగా వంగి ఈ పాట పాడేవారు. అందరిలోకీ చిన్నది కాబట్టి ఆవిడ వరస చివర ఉండేది. పాట తోక ఆవిడ దాకా వచ్చేసరికి గట్టు వచ్చేసేది, అందరూ నడుములు పట్టుకుని మంచినీళ్ళకు పోయేవారు. అందుకని మొదటి రెండు ముక్కలే నోటికి పట్టాయి.

పాటలో ఉన్న నీళ్ళు గుమ్మడికొండ మీది జలపాతమట. ఆ కొండా, చుట్టూ ఉన్న అడవీ ఇప్పుడు నేషనల్ పార్కు అయ్యాయి. తవుడుపాలెం నుంచి చూస్తే కొండ నీలంగా కనిపిస్తుంది గాని నీళ్ళు కనిపించవు. ఇన్నేళ్ళు పాడింది గాని ఆ నీళ్ళమ్మను పేరంటాలమ్మ ఒక్కసారి కూడా చూడలేదు.

"పెద్దోడా," అంది ఒకనాటి పొద్దున కొడుకు గవర్రాజుతో. "తొలకరి పడిందంటే పార్కు మూసేస్తారట. మళ్ళీ చలికాలానికి గాని తెరవరట. అప్పటికి నా మోకాళ్ళు నన్ను మొయ్యవురా. చూస్తే ఇప్పుడే చూడాలి."

ఇంకేముంది. అమ్మ నోరు తెరిచి అడిగింది, ఇల్లంతా లేచి నిలబడింది. గవర్రాజు నిలబడ్డాడు, వాడి పెళ్ళాం నూకరత్నం నిలబడింది, చిన్నకొడుకు అబ్బులు తింటున్న చద్దన్నం గిన్నెతో సహా నిలబడ్డాడు.

తవుడుపాలెంలో ఆ ఇంటికి ఒక పేరుంది. 'చెప్పింది చెప్పినట్టు చేసే ఇల్లు' అని. ఆ పేరు వాళ్ళే పెట్టుకున్నారు. ఒకసారి లైన్‌మ్యాన్ వచ్చి మీటరు పెట్టె విప్పి, "నేనొచ్చేదాకా దీన్ని చూస్తూ ఉండండి" అని వెళ్ళాడు. అంతే, వంతులు వేసుకుని చూశారు. అన్నాలు దాని ముందే తిన్నారు. పాపం అతగాడు ఈ సంగతి మరిచిపోయి, చెల్లెలి పెళ్ళికని వాళ్ళ ఊరు వెళ్ళాడు. పెళ్ళీ అయింది, అప్పగింతలూ అయ్యాయి, వెనక్కి వచ్చి చూస్తే అబ్బులు మీటరు ముందు రెప్ప వెయ్యకుండా కూర్చుని, "ఎక్కడికీ పోలేదండి, ఇక్కడే ఉంది" అన్నాడు.

"మన ఇంట్లో ఉన్న తెలివి ఊరంతా వెతికినా దొరకదు," అంటాడు గవర్రాజు మీసం సర్దుకుంటూ.

"వెతికాం కూడాను," అంటాడు అబ్బులు.

పైగా ఈ మధ్య ఇంట్లో చదువు కూడా చేరింది. వీధి చివర పంతులమ్మ దగ్గర పలక పట్టి, పేరంటాలమ్మ ఈ వయసులో అక్షరాలు నేర్చుకుంది. తలకట్లు, కొమ్ములు, దీర్ఘాలు అన్నీ వచ్చు. ఒత్తుల దగ్గర మాత్రం కాస్త ఆగి ఊపిరి పీల్చుకుంటుంది. గోడ మీద రాత కనిపిస్తే చదవకుండా ఆవిడ కదలదు. ఆవిడ చదివింది చెయ్యకుండా ఇంట్లోవాళ్ళు కదలరు.

అబ్బులు పార్కు ఆఫీసుకి ఫోను చేశాడు. అవతల ఒక ఆడమనిషి పలికింది.

"రండి గాని, దారంతా పని జరుగుతోందండీ. కొండరోడ్డు వెడల్పు చేస్తున్నారు. పనివాళ్ళు అన్నానికి కూర్చున్నప్పుడే బండ్లు వదులుతారు. పైన జలపాతానికి వెళ్ళే కాలిబాటకు మెట్లు కడుతున్నారు. అక్కడక్కడా బోర్డులుంటాయి, వాటిలో రాసినట్టు నడుచుకోండి. పనిని బట్టి ప్లాను వేసుకుని బయల్దేరండి."

ప్లాను వెయ్యడానికి నలుగురూ నట్టింట్లో కూర్చున్నారు.

"బోర్డుల సంగతికి అమ్మ ఉంది," అన్నాడు గవర్రాజు. "రోడ్డు సంగతే తేలాలి. వాళ్ళు అన్నానికి కూర్చుంటేనే వదులుతారట. ఎప్పుడు కూర్చుంటారో ఏమో!"

"వాళ్ళ ఆడవాళ్ళు క్యారేజీ ఎప్పుడు పంపితే అప్పుడు," అన్నాడు అబ్బులు. "మనం వాళ్ళ ఆడవాళ్ళను ఎక్కడని పట్టుకుంటాం?"

నూకరత్నం బుగ్గన వేలేసుకుంది. "ఏవండీ, అన్నం పెట్టడానికి వాళ్ళ ఆడవాళ్ళే కావాలా? మనమే వండి పట్టుకెళితే? మనం పెట్టినప్పుడల్లా వాళ్ళు కూర్చుంటారు. వాళ్ళు కూర్చున్నప్పుడల్లా దారి తెరుచుకుంటుంది."

గవర్రాజు మీసం రెండువైపులా సర్దుకున్నాడు. అంత తెలివి ఒక్కసారిగా వింటే మీసం ఊరుకోదు కదా.

"అత్తయ్యా, ఎంత వండమంటారు?"

"రోడ్డెంత పొడుగే?"

"కొండ పొడుగూను."

"అయితే ఆ లెక్కనే ఎసరు పెట్టు."

అంతే. పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే గుండిగ తెచ్చి పులిహోర కలిపారు. పెద్ద తపేలాతో పెరుగన్నం, కొత్త ఆవకాయ జాడీ, విస్తరాకుల కట్ట, అన్నీ ట్రాలీ ఆటో వెనక ఎక్కించారు. వాటి మధ్య ఉన్న కాస్త చోటులో పేరంటాలమ్మను కూర్చోబెట్టారు. పొద్దున్నే బండి కదిలింది. ఆవిడ ఒడిలో ఆవకాయ జాడీ పెట్టుకుని, నీలంగా ఉన్న కొండ దగ్గరయ్యేకొద్దీ పచ్చబడుతుంటే నోరు తెరుచుకుని చూసింది. ఇంతకాలం ఆ కొండ రంగే నీలం అనుకుంది పాపం.

కొండ మలుపులో మొదటి బోర్డు వచ్చింది.

"ఆపరా పెద్దోడా! రా… ళ్… ళు. రాళ్ళు. ప… డు… ను. రాళ్ళు పడును!"

గవర్రాజు గబుక్కున బ్రేకు వేశాడు. అందరూ తలలెత్తి చూశారు. కొండచరియ మీద ఒక రాయి ఉంది, పడుకున్న గేదెంత.

"పడును అని రాశారంటే పడుతుందన్నమాటే," అన్నాడు గవర్రాజు. "ఊరికే రాస్తారా? పడనిద్దాం. పడ్డాక వెళదాం."

కూర్చున్నారు. రాయి పడలేదు. వెనకనుంచి ఒక జీపు వచ్చి, హారను కొట్టి, పక్కనుంచి దూసుకుపోయింది.

"పాపం, చదువురాని వాళ్ళు," అంది పేరంటాలమ్మ.

ఎండెక్కింది. రాయి అలాగే ఉంది. దాని మీద ఒక తొండ వచ్చి తల ఊపి వెళ్ళింది.

"అన్నయ్యా, ఇది బద్ధకపు రాయిలా ఉంది," అన్నాడు అబ్బులు. "దాని పని అది చెయ్యడం లేదు, మన పని మనల్ని చేసుకోనివ్వడం లేదు. నేను పైకెళ్ళి ఒక చెయ్యి వేసి వస్తా."

ఎక్కాడు. కాళ్ళు వెనక్కి తన్నిపెట్టి తోశాడు. ఇంకేముంది, దుమ్మూ ధూళీ లేచాయి, చెట్ల మీది కోతులన్నీ కిచకిచమంటూ పారిపోయాయి, రాయి దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా రోడ్డు నడిమధ్యన కూర్చుంది.

"పడింది! పడిపోయింది!" అని నూకరత్నం చప్పట్లు కొట్టింది. "ఇంక భయం లేదు, పోనివ్వండి."

గవర్రాజు బండి ఎక్కి, ముందుకి చూసి, మళ్ళీ దిగాడు. బండి పట్టే సందు లేదు.

చప్పుడు విని పైమలుపు నుంచి పనివాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. ముందు మేస్త్రి సింహాద్రి, వెనక పొక్లెయిను తోలే మనిషి, ఆ వెనక రెండు చేతుల్లో రెండు జెండాలు పట్టుకున్న మనిషి.

"ఎవడ్రా దీన్ని దొర్లించింది?" అని అరిచాడు సింహాద్రి.

"నేనేనండి," అని అబ్బులు వినయంగా చేతులు కట్టుకున్నాడు. "మీ బోర్డులో ఉన్న పని పూర్తి చేశాను. మీరేం ఇచ్చుకోనక్కర్లేదు."

సింహాద్రి నెత్తి కొట్టుకున్నాడు. "ఓరి నాయనోయ్! ఇప్పుడు ఈ కొండముచ్చు రాయిని జరిపేదాకా మా మనుషులకు అన్నం లేదురా!"

నూకరత్నం చెవిన ఆ చివరి మాట ఒక్కటే పడింది.

"అన్నం లేకపోవడం ఏమిటి అన్నయ్యగారూ!" అంటూ గుండిగ మూత తీసింది.

ఆ ఘుమఘుమకు పొక్లెయిను తోలే మనిషి మెడ దానంతటదే ఇటు తిరిగింది. రాయి పక్కనే రోడ్డు మీద విస్తళ్ళు పరిచారు. సింహాద్రికి కోపం పూర్తిగా పోకముందే పులిహోర వచ్చి పడింది.

"మొహమాటపడకండి," అంది నూకరత్నం.

"నాకేం మొహమాటం లేదు. చాలితే నేనే చెబుతాను," అన్నాడు సింహాద్రి. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

చెబుతానన్నాడు కదా అని నూకరత్నం అతని నోటివంకే చూస్తూ వడ్డించింది. నోరు నిండా పులిహోర ఉంటే మనిషి ఎలా చెబుతాడు? చెప్పలేదు. చెప్పలేదు గనక ఆవిడ ఆపలేదు. అతను ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే చేతి మీద వడ్డించింది. కళ్ళతో వద్దని వేడుకుంటే, "పాపం, ఎంత ఆకలో, కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు," అని పెరుగన్నం కూడా వేసింది. మిగతావాళ్ళదీ అదే గతి. తిన్నవాళ్ళు తిన్నచోటే ఒరిగారు. సింహాద్రి ఆ రాయికే చేరగిలబడి, "తల్లీ, ఇంక నేను లేవను" అని ఒక్క మాట చెప్పి గుర్రు పెట్టాడు.

జెండాల మనిషి ఒక్కడే బాధ్యత మరవలేదు. చెయ్యి కడుక్కుని, ఆవులించి, పచ్చజెండా ఊపాడు. "అన్నాల వేళ. దారి తెరిచాం. పదండి, పదండి." తర్వాత రెండు జెండాలూ మడిచి తలకింద పెట్టుకుని పడుకున్నాడు.

"అమ్మా, ప్లాను పారింది," అన్నాడు గవర్రాజు. రాయి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "దారి తెరిచారు గాని, ఇదేంటి ఇంకా ఇక్కడే ఉంది?"

"దీనికెవరూ చెప్పలేదేమో," అన్నాడు అబ్బులు. వంగి, మర్యాదగా, "దారి తెరిచారండీ" అని రాయికి చెప్పాడు. రాయి వినిపించుకోలేదు.

పేరంటాలమ్మ పైకి చూసింది. కొండ నెత్తిన నల్లటి మబ్బు ఒకటి చేరింది. ఇవాళ వాన పడిందంటే రేపు గేటు మూస్తారు. "పదండిరా, బండి ఇక్కడే ఉంచి నడుద్దాం. నా మోకాళ్ళకు నేను సర్దిచెప్పుకుంటాను."

నడిచారు. కాలిబాట మొదట్లో రెండు కాళ్ళ బోర్డు ఒకటి నిలబెట్టి ఉంది. పేరంటాలమ్మ కళ్ళజోడు తుడుచుకుని చదివింది.

"మెట్ల పని జరుగుచున్నది. ఈ బోర్డును దాటి వెళ్ళరాదు."

చదివాక ఆవిడ ముఖం వాడిపోయింది. ఇంత దూరం వచ్చి! చదవడం రాకపోతే బావుండేదని ఆ ఒక్క క్షణం అనిపించింది కూడా. బాట పక్కనున్న బండ మీద కూలబడింది.

గవర్రాజు తల్లి ముఖం వంక చూశాడు. బోర్డు వంక చూశాడు. బోర్డు కాళ్ళ వంక చూశాడు. అవి నేలలో పాతి లేవు.

"అమ్మా, దాన్ని దాటొద్దు అన్నారు గాని, అది మనకంటే ముందు నడవకూడదని అన్నారా?"

అంతే! అబ్బులు బోర్డును లేపి ముందు పట్టుకున్నాడు. వాడి వెనక గవర్రాజు, ఆ వెనక పేరంటాలమ్మ చెయ్యి పట్టుకుని నూకరత్నం. బోర్డు ముందు, మనుషులు వెనక. ఒకచోట నూకరత్నం పూత పూసిన కొమ్మ చూసి రెండడుగులు ముందుకు పోయింది.

"ఒసే కోడలా, దాటావే, బోర్డు దాటావే!" అని పేరంటాలమ్మ కేక పెడితే, నాలుక కరుచుకుని వెనక్కి వచ్చింది.

ఇంకోచోట, "అమ్మా, వస్తున్నావా?" అని అబ్బులు వెనక్కి తిరిగాడు. వాడితో పాటు బోర్డూ తిరిగింది. ఇప్పుడు ఎవరు ఎటు ఉన్నట్టు? ముగ్గురూ బెంబేలెత్తి వాడి చుట్టూ గిరగిరా తిరిగి, మళ్ళీ వాడి వీపు వెనక చేరాక గాని ఊపిరి పీల్చుకోలేదు.

అలా మెట్ల దాకా వచ్చారు. నున్నగా, బూడిదరంగులో, అద్దంలా మెరుస్తున్నాయి మెట్లు. పక్క కర్రకు ఒక అట్టముక్క వేలాడుతోంది.

"తడి సిమెంటు," చదివింది పేరంటాలమ్మ. "కాలు పెట్టరాదు."

"కాలు పెట్టొద్దంతే కదా," అన్నాడు గవర్రాజు. "మనిషికి కాళ్ళొకటేనా ఉన్నవి?"

అబ్బులు బోర్డును కండువాతో వీపుకు కట్టుకున్నాడు. మెట్లకు వీపు పెట్టి, మొదటి మెట్టు మీద చతికిలబడి, కాళ్ళు రెండూ గాల్లోకి ఎత్తి, చేతులు ఊని, వెనక్కి పై మెట్టు మీదికి జరిగాడు. బోర్డు ముందే పోతోంది, కాలు కింద పడడం లేదు. ఇంత చక్కగా రెండు బోర్డుల మాటా ఒకేసారి ఎవరు నిలబెట్టగలరు? వాడి వెనక గవర్రాజు కూర్చున్నాడు. నూకరత్నం చీర కుచ్చిళ్ళు బిగించి కూర్చుంది. పేరంటాలమ్మను ఇద్దరూ చెరో రెక్కా పట్టి పైకి లాగుతున్నారు.

"హాయిగా ఉందే కోడలా," అందావిడ, కాళ్ళు చాపుకుని. "మోకాళ్ళ పని లేదు. చల్లగా కూడా ఉంది. అన్ని కొండలకీ ఇలాంటి మెట్లు పెడితే బావుణ్ణు."

ఆఖరి మెట్టు ఎక్కేసరికి పైనుంచి ఖాకీ చీర కట్టుకున్న గార్డు ఒకావిడ పరిగెత్తుకొచ్చింది. పేరు పైడమ్మ. మెట్ల వంక చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పైనుంచి కింద దాకా ప్రతి మెట్టు మీదా పెద్దవీ చిన్నవీ గుంటలు, ఇడ్లీ రేకుల్లాగా.

"అయ్యయ్యో! ఏం చేశారండీ ఇది?"

"కాలు పెట్టలేదండి," అన్నాడు గవర్రాజు గర్వంగా. "కావాలంటే వెతుక్కోండి, ఒక్క అడుగు కనిపిస్తే అడగండి."

"ఆ బోర్డు వీపుకెందుకు కట్టుకున్నాడు?"

"దాటకుండా ఉండడానికండి," అన్నాడు అబ్బులు. "మాది ప్లాను ప్రకారం వచ్చిన ఇల్లు. ఫోన్లో ఒకావిడ చెప్పింది, పొల్లు పోకుండా చేశాం."

పైడమ్మ కళ్ళు మూసుకుంది. "ఆ ఫోన్లో ఆవిడని నేనే."

"చూశారా, గొంతు వినగానే అనుకున్నా," అంది నూకరత్నం. "గుండిగ అడుగున కాస్త పులిహోర ఉంది, తెమ్మంటారా?"

పైడమ్మ కోపం తెచ్చుకోబోయింది. ఇంతలో సిమెంటు పూసిన చీరతో, చంకలో చెప్పులతో, కళ్ళు చికిలించి చెట్ల అవతలికి చూస్తున్న పేరంటాలమ్మ కనిపించింది. కోపం ఎటో పోయింది.

"నీళ్ళమ్మ ఏదీ తల్లీ?" అని అడిగింది పేరంటాలమ్మ. "చప్పుడు కూడా వినపడదేం?"

"మామ్మగారూ," పైడమ్మ తడబడింది. "జలపాతం ఇప్పుడు పడట్లేదండీ. మెట్ల పని కోసం నీళ్ళన్నీ గొట్టంలోకి మళ్ళించారు. మీకు ఫోన్లో చెప్పడం మరిచాను."

ఎదురుగా ఎత్తైన నల్లరాయి, దాని మీద పాచి ఎండిన చారలు. అంతే ఉంది. పేరంటాలమ్మ ఆ రాయిని చాలాసేపు చూసింది.

"పోనీలే," అంది. "పాట మాత్రం అబద్ధం కాదు కదమ్మా?"

ఆవిడ ముంజేతి మీద టప్పున ఒక వానచుక్క పడింది. పైడమ్మ మబ్బు వంక చూసింది, మామ్మ వంక చూసింది.

"మెట్లు కట్టేదీ ఆ రోడ్డు పనివాళ్ళే. మీ వెనక వాళ్ళెవరైనా వస్తున్నారా?"

"వాళ్ళా? తిని పడుకున్నారు," అన్నాడు అబ్బులు. "మేస్త్రిగారు ఇంక లేవనని కూడా అన్నారు."

"అయితే ఇప్పుడు నీళ్ళు ఎవరికి కావాలి!" అని పైడమ్మ రాయి పక్కన ఉన్న ఇనపచక్రం దగ్గరికి నడిచింది. "ఇదిగో, ఇటు తిప్పితే కొండ మీద నుంచి దూకుతాయి. అటు తిప్పితే గొట్టంలోకి పోతాయి." రెండు చేతులతో బిగపట్టి తిప్పింది. "నేను కిందికెళ్ళి మెట్లకు తాడు కట్టి వస్తాను, ఇంకెవరూ కూర్చోకుండా. మీరు దేన్నీ ముట్టుకోనక్కర్లేదు. మామ్మగారికి ఏం కావాలో చూసుకుంటే చాలు."

ముందు పైన ఎక్కడో బుసబుసమంది. నల్లరాయి అంచున తెల్లటి దారప్పోగు ఒకటి వేలాడింది. అది రెండయింది, జడంత అయింది, చూస్తూండగానే ఎవరో పైనుంచి చీర విదిలించినట్టు నీళ్ళన్నీ ఒక్కసారిగా జారి పడ్డాయి. తుంపర లేచి పేరంటాలమ్మ ముఖాన కొట్టింది. కళ్ళజోడు తడిసిపోయింది. ఆవిడ కళ్ళజోడు తీసేసి, రెండు చేతులూ జోడించి, అలాగే ఉండిపోయింది. తన ఈడు పిల్లలంతా ఆ నీళ్ళ చప్పుడులో నవ్వుతున్నట్టు తోచింది ఆవిడకు.

కొడుకులిద్దరూ చెరో పక్కా నిలబడ్డారు. నీళ్ళను చూడలేదు. అమ్మకు ఏం కావాలో చూసుకోమన్నారు కదా, అమ్మ ముఖమే చూస్తున్నారు.

"ఎంత తొందరమ్మా నీకు!" అంది చివరికి పేరంటాలమ్మ, నీళ్ళతో. "ఇదిగో ఈ పాయ ఎంత బావుందీ అని చూసేలోపే జారిపోతున్నావు. కళ్ళు ఆనడం లేదు తల్లీ. ఒక్క ఘడియ ఉన్నచోట నిలబడితే నీ సొమ్మేం పోయింది?"

గవర్రాజు అబ్బులు వంక చూశాడు. అబ్బులు పరుగెత్తాడు.

పేరంటాలమ్మ చీర చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంటోంది. చప్పుడు సన్నబడింది. తుంపర ఆగింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని తల ఎత్తేసరికి, నల్లరాయి అంచున ఒకే ఒక్క చుక్క వేలాడి, ఊగి, టప్పున రాలింది. మళ్ళీ ఏమీ లేదు.

అబ్బులు చేతులకంటిన తుప్పు లుంగీకి తుడుచుకుంటూ, ముఖమంతా నవ్వుతో తిరిగొచ్చి, ఆవిడ చెవిలో చెప్పాడు.

"నిలబెట్టేశానమ్మా! ఇంక ఎక్కడికీ జారిపోవు. నిదానంగా, నీ కళ్ళ నిండా చూసుకో."